ఒక బొమ్మ, రెండు భాషలు
(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో మమ్ము నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరినప్పుడు విషయమును మా ఇష్టమునకే విడిచిరి. పోతన భాగవతమునుగూర్చియో, 1888లో మన తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితునిగూర్చియో చెప్పుదుమని వారు తలచియుందురు. పాత సినిమాలనుగూర్చి మాట్లాడ దలచితిమని తెలిపినంతనే కార్యదర్శిగారు కొంతసేపు మౌనము వహించి, "పిల్లల తల్లిదండ్రులు వత్తురు గదా, స్వామీ!" అనిరి. తల్లిదండ్రులు వత్తురు కనుకనే మేమీ విషయము నెన్నుకొంటిమి. అది ఎందువలననో చివరకు తెలియగలదు. అంతవరకు కొంత వినోదముగా వినుడు.

మొదట దూరదేశపు ముచ్చట. మూగచిత్రముల కాలములో హాలీవుడ్డువారికి భాష యను బాధ లేకుండెను. నడుమ నడుమ వచ్చు అక్షరపు పలకలను మార్చిన చాలును, అదే చిత్రము బెర్లినులోను బొంబాయిలోను ఆడుచుండెను. 1927లో 'జాజ్ సింగర్' వచ్చి తెర నోరు విప్పగానే ఆ వ్యాపారము చిక్కున పడినది. ఇంగ్లీషు రాని దేశములకు ఇంగ్లీషు మాటల నెట్లు అమ్ముట? ఒకరి పెదవులకు మరియొకరి గొంతును అతుకు విద్య అప్పటి కింకను కుదురుకొనలేదు. అందుచే వారొక విచిత్రమైన పనికి పూనుకొనిరి. ఒకే కథను, అవే సెట్టింగులలో, రెండు మూడు భాషలలో వేర్వేరుగా తీయసాగిరి.

1931లో వచ్చిన 'డ్రాక్యులా' కథ వినదగినది. పగటివేళ టాడ్ బ్రౌనింగు అను దర్శకుడు బేలా లుగోసీతో ఇంగ్లీషు చిత్రమును తీయుచుండెను. చీకటి పడగానే వారందరు ఇండ్లకు పోవుట, జార్జి మెల్ఫర్డు అను మరియొక దర్శకుడు స్పానిషు మాటలాడు నటులతో వచ్చి అవే మెట్లమీద, అవే గుమ్మములలో తెల్లవారువరకు తన చిత్రమును తీసికొనుట. రెంటిలో స్పానిషు చిత్రమందే కెమేరా పనితనము మిన్న యని పలువురు విమర్శకులు అందురు. పిశాచ కథ గదా, రాత్రివేళ తీసినవారికే బాగుగా కుదిరినదేమో!

లావుపాటి హార్డీ, బక్కపలుచని లారెల్ మీలో పెద్దలకు తెలిసినవారే. వారిద్దరికి స్పానిషు రాదు, ఫ్రెంచి రాదు. అయినను ఆ భాషలలో నటించిరి. పలుకవలసిన మాటలను ఉచ్చారణ ననుసరించి పలకలమీద వ్రాసి కెమేరా ప్రక్కన నిలిపిన, వారు చూచి చదివెడివారు. గ్రెటా గార్బో 'ఆనా క్రిస్టీ' కథలో మొదట ఇంగ్లీషున నటించి, పిదప జర్మనున నటించెను. చుట్టునున్న నటులు మారిరి, ఆమె మాత్రము మారలేదు. ఈ రెండు భాషలలో ఏదియు ఆమె తల్లిభాష కాదు, ఆమె స్వీడను దేశస్థురాలు.

ఖర్చు భరింపలేక హాలీవుడ్డువారు కొద్ది సంవత్సరములలోనే ఈ పద్ధతిని విడిచి, గొంతు అతుకు విద్యను, తెర అడుగున అక్షరములు వేయు పద్ధతిని పట్టుకొనిరి. ఆ విడిచిన పద్ధతిని పట్టుకొని ఎన్నో ఏండ్లు నడిపినది మన చెన్నపట్టణము. ఇక మన ఇంటికి వత్తము.

1931 అక్టోబరు 31న మదరాసులో విడుదలయిన 'కాళిదాసు' తమిళమున మొదటి టాకీ యని అందరు చెప్పుదురు. దానిని తీసినవారు మన హెచ్. ఎం. రెడ్డిగారు. తీసిన చోటు బొంబాయి. కథానాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున పలికిన, నాయకుడు తెలుగున బదులు చెప్పెను. నడుమ త్యాగయ్యగారి కీర్తనలు. ఈ కలగాపులగమును నేటి విమర్శకులు చూచి నవ్వుదురు గాని మనకు నవ్వు రాదు. అమ్మ తెలుగున పిలిచిన పిల్లవాడు తమిళమున "వరేన్" అని బదులు పలుకుట ఈ సభలో ఎందరి ఇండ్లలో లేదు? మొట్టమొదటి దక్షిణాది టాకీ మన వంటింటి మాటలవలెనే యుండెనని మాకు తోచును.

మన మొదటి సంపూర్ణమైన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. దాని విడుదల తేదిని 1931 సెప్టెంబరు 15 అని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. ఆనాటి ఆధారములను శోధించిన పిదప 1932 ఫిబ్రవరి 6 అని తేలినది. పిల్లలకు ప్రశ్నపత్రములు తయారుచేయు ఉపాధ్యాయులు దీనిని గుర్తుంచుకొందురు గాక. హిందీ మొదటి టాకీ 'ఆలం ఆరా', ఈ 'కాళిదాసు', ఈ 'ప్రహ్లాద', మూడింటిలోను వేషము వేసిన ఒకే మనుష్యుడు ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్. వి. ప్రసాదుగారు. చిన్న చిన్న వేషములే. కాని మూడు భాషలు నోరు తెరచిన వేళ మూడు చోట్లను ఆయన నిలిచియుండెను.

మన పాత జిల్లా పేరు తెరమీద కనబడినప్పుడు పొంగని తిరుత్తణివాడు లేడు. చిత్తూరు వి. నాగయ్యగారు పుట్టినది చిత్తూరున కాదు, గుంటూరు సీమలోని రేపల్లె దిక్కున. చిత్తూరున పెరిగి, అక్కడి నాటకములవలన పేరు పొంది, ఆ ఊరిని ఇంటిపేరుగా మోసెను. ఆయన 1945 నాటి తమిళ 'మీరా'లో ఎం. ఎస్. సుబ్బలక్ష్మిగారి సరసన రాణాగా నటించెను. ఆ చిత్ర దర్శకుడు ఎల్లిస్ డంగన్ అను అమెరికా దేశస్థుడు. 1935లో మన దేశమునకు వచ్చి, తమిళము రాకయే పదునైదేండ్లపాటు తమిళ చిత్రములను తీసెను. తమిళము రాని అమెరికా దర్శకుడు, చిత్తూరి పేరు మోయు తెలుగు రాణా, మదుర గాయని, రాజస్థానపు కథ! అన్నియు చేరి తమిళ చిత్రమయినవి. భాషల గోడలు మనము తలచినంత ఎత్తయినవి కావని మే మిందువలన తలంచుచున్నాము. ఎవరి అక్షరములు వారు మరచిపోవచ్చునని మాత్రము దీనివలన తేలదు. ఆ సంగతి తరువాత.

1950వ దశకమున విజయావారు వచ్చిరి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు అప్పటికే 1947 జూలైనుండి 'చందమామ'ను తెలుగునను, 'అంబులిమామ'ను తమిళమునను నడుపుచుండిరి. ఒక కథ రెండు భాషలలో బ్రదుకగలదని వారికి పత్రికవలననే తెలిసియుండును. 1951లో 'పాతాళభైరవి' తెలుగున మార్చినెలలోను తమిళమున మేనెలలోను వచ్చినది. రంగారావుగారి మాంత్రికుని గడ్డమునుగూర్చి ఇక్కడ చెప్పనక్కరలేదు. మనలో ఎందరమో చిన్నతనమున అన్నము తినకున్న ఆ గడ్డము వచ్చునని బెదిరింపబడినవారమే.

'మిస్సమ్మ'ను మాత్రము దాటిపోలేము. ఏమనగా అది బడిపంతుళ్ల కథ. ఉద్యోగములు లేని ఒక యువకుడు, ఒక యువతి, జమీందారుగారి బడిలో భార్యాభర్తలకే ఉద్యోగ మిచ్చెదరని ప్రకటన చూచి, దంపతులమని బొంకి చేరుదురు. ఈ కథకు మూలము బెంగాలీలో రవీంద్రనాథ మైత్రగారి ప్రహసనము 'మన్మయీ గర్ల్స్ స్కూల్'. మొదట భానుమతిగారు నాయిక. కొన్ని రీళ్లు తీసిన పిదప నిర్మాతలకును ఆమెకును పొసగక, రెండవ వేషమునకు కుదిరిన సావిత్రిగారు నాయికయైరి. సావిత్రిగారి వేషము జమునగారికి వచ్చెను. తెలుగున రామారావుగారు, తమిళమున జెమినీ గణేశనుగారు. ఇద్దరికిని పాడిన గొంతు ఒకటే, ఏ. ఎం. రాజాగారిది. ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో చదివిన తెలుగువాడు.

ఇప్పుడు తేదీలు చూడుడు. తెలుగు 'మిస్సమ్మ' 1955 జనవరి 12న విడుదలయినది. తమిళ 'మిస్సియమ్మ' జనవరి 14న, సంక్రాంతినాడు. ఆ సంక్రాంతికి తిరుత్తణి ఆంధ్రరాష్ట్రములోని చిత్తూరు జిల్లాది. తిరువళ్లూరు మదరాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాది. రైలెక్కిన గట్టిగా గంట ప్రయాణము. రెండూళ్లలోను మన చుట్టములే. ఒక రాష్ట్రపు చుట్టమునకు మిస్సమ్మ, మరియొక రాష్ట్రపు చుట్టమునకు మిస్సియమ్మ. పిదప 1960 ఏప్రిలు 1న, అంతకుముందేటి చట్టము ననుసరించి, తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రమున కలిసినది. సత్యవేడు ప్రాంతము అటు పోయినది. ఇంటిలో ఒక వస్తువును కూడ కదపకుండ మేము రాష్ట్రము మారితిమి. 1997 జనవరి 1న తిరువళ్లూరు జిల్లా యేర్పడగా చుట్టములందరము ఒకే జిల్లావార మయితిమి.

ఆ మార్పు కలిగిన యేట మేము నాలుగవ తరగతి. అటుపై రెండేండ్లకు మా ఊరి చెరువు క్రింద టూరింగు టాకీసు దిగినది, 'మాయాబజార్' వచ్చినది. మా అమ్మ బండి కట్టించి, ఇరుగు పొరుగు ఆడవారిని ఎక్కించుకొని, మమ్ము గడ్డిమీద కూర్చుండబెట్టి తీసికొనిపోయినది. నేల టిక్కెట్టు. ఇసుక కుప్పచేసికొని ఎత్తుగా కూర్చుండువారిని వెనుకవారు తిట్టుట ఒక ఆచారము. యంత్ర మొక్కటే గనుక రీలు రీలుకు దీపములు వెలిగెడివి, ఆ వెలుగులో మరమరాలు, వేరుసెనగలు. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు తమంతట తాము ఎగిరి పోవునప్పుడు మా ప్రక్కనున్న ముసలమ్మ చేతులు జోడించినది. మేము మాత్రము ఆ రాత్రి లడ్డులకై ఏడ్చితిమని అమ్మ తరువాత పలుమారులు చెప్పినది.

మరుసటి దసరా సెలవులకు తిరువళ్లూరులోని మేనమామగారి ఇంటికి పోయితిమి. అక్కడను 'మాయాబజార్' ఆడుచున్నదని తెలిసి బావతోడ పరుగెత్తితిమి. కృష్ణుడు వాడే. ఘటోత్కచుడు వాడే. నాయిక ఆమెయే. కాని అభిమన్యుడు వేరొకడు! నాగేశ్వరరావుగారి స్థానమున జెమినీ గణేశనుగారు. బలరాముడు వేరు. రేలంగిగారి బదులు తంగవేలుగారు. అందరును తమిళము మాట్లాడుచున్నారు. పైగా నాయికను శశిరేఖ యనక 'వత్సల' యనుచున్నారు. మమ్ము మోసగించిరని మేమును, మేము చూచినదే దొంగబొమ్మ యని బావయు, ఇంటికి వచ్చువరకు కొట్లాడితిమి. మామగారు వాకిట కూర్చుండి ఇరువురి వాదములు విని, "మీ అత్తకు పుట్టింట ఒక పేరు, మన ఇంట ఒక పేరు. అంతమాత్రమున ఇద్దరత్తలయిరా?" అనిరి. అత్తగారు లోపలనుండి నవ్విరి. వ్యాజ్యము కొట్టివేయబడినది.

తెలుగు చిత్రము 1957 మార్చి 27న, తమిళము ఏప్రిలు 12న విడుదలయినవని మేము పెద్దయైన పిదప తెలిసికొంటిమి. దర్శకులు కె. వి. రెడ్డిగారు రెండును తీసిరి. తెలుగు మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. తమిళమునకు తంజై రామయ్యదాసు. బాణీలు కొన్ని సాలూరు రాజేశ్వరరావుగారు కట్టి తప్పుకొనగా తక్కినవి ఘంటసాలగారు పూర్తిచేసిరి. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. మా మనుమడు రంగులదే బాగున్నదనును. మాకు నలుపు తెలుపులలోని ఆ పడవపాట వెన్నెలయే వెన్నెల. మార్కస్ బార్ట్లీగారు దీపములతో కాయించినది! రంగునకై కథనే సవరించువారును కలరు. 1939 నాటి 'విజర్డ్ ఆఫ్ ఆజ్'లో ఆ బాలిక తొడుగు చెప్పులు మూల గ్రంథమున వెండివి. తెరమీద రంగు మెరయవలెనని వానిని కెంపులు చేసిరి. మనవారు శశిరేఖ చీరకు ఏ రంగు వేసినను మాకు అభ్యంతరము లేదు గాని, వెన్నెలను ముట్టకుండిన బాగుండెడిది.

'మాయాబజారు'లో ఒక బడి కలదు. మీకు జ్ఞాపకమున్నదా? రమణారెడ్డిగారు చిన్నమయ్యయై రాక్షసులకు చదువు చెప్పును. దుష్టచతుష్టయ మను మాటను పలుకలేక ఆ శిష్యుడు ఒత్తులన్నియు జారవిడిచి "దుసటచతుసటయ" మనును. కంబళికి జోడు గింబళి పుట్టును, తల్పమునకు జోడు గిల్పము పుట్టును. మాటలు ఎవరో ఒకరు పుట్టించిననే పుట్టునని ఘటోత్కచుని చేత పింగళివారు సమర్థింపజేసిరి. పెద్దలు దీనిని హాస్యమందురు. మేము బడిలో చాలయేండ్లు పని చేసినవారము గనుక దీనిని పాఠ్యప్రణాళిక యందుము. పలుకలేని పిల్లవానిని ఎగతాళి చేయక, వాని నోటినుండి వచ్చిన క్రొత్తమాటను కూడ నిఘంటువున చేర్చుకొను గురువు లోకమున ఎందరు?

ఇక, ఈ విషయమును ఎందు కెన్నుకొంటిమో చెప్పెదము. ఇది మా ఇంటి తప్పు. ఇతరులపై మోపుట లేదు.

ఉద్యోగరీత్యా మేము చాలకాలము చెన్నపట్టణమున నుంటిమి. మా అమ్మాయిని తమిళము, ఇంగ్లీషు చెప్పు బడిలో వేసితిమి. బ్రదుకుతెరువునకు అదియే మేలని తలచితిమి, ఆ తలంపు పూర్తిగా తప్పని నేడును అనజాలము. ఈ నేల తమిళనేల. 2006లో వచ్చిన చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి పాఠ్యమయినది. మన పిల్లలు తమిళమును తమిళుల పిల్లలతో సమానముగా నేర్వవలసినదే. మా తప్పు అది కాదు. ఇంట తెలుగు మాటలాడుచున్నాము గదా, అక్షరములెందుకు, అని ఆదివారము అరగంట కూడ పలక పట్టించకుంటిమి. అమ్మాయి తెలుగు గడగడ మాటలాడును. ఒక్క అక్షరము రాదు.

ఊరనున్న మా అమ్మ, వీథిబడిలో ఐదవ తరగతివరకు చదివినది, మనుమరాలికి నెలకొక కార్డు వ్రాయుచుండెను. అమ్మాయి ఆ కార్డు తెచ్చి, "నాయనా, అవ్వ ఏమి వ్రాసినదో చదువు" అనుచుండెను. మేము చదివి వినిపించుచుంటిమి. కొన్నాళ్లకు ఈ సంగతి అమ్మకు తెలిసినది. ఏమియు అనలేదు. కాని అటుపిమ్మట కార్డులు కురచనయినవి. ఆవు ఈనినది, వాన పడినది, అందరు క్షేమము. అంతకుముందు అట్లుండెడివి కావు. అవ్వ మనుమరాలికి చెప్పదలచినవి తండ్రి నోట చదివించుకొనుటకు తగినవి కావు గాబోలు. పిదప కార్డులే మానివేసినది. తీరిక లేదనినది. అమ్మ పోయిన తరువాత పాతపెట్టెలో ఆ కార్డులన్నియు కట్టగట్టి అమ్మాయి చేతి కిచ్చితిమి. అప్పటికి ఆమెకు నలుబదియేండ్లు దాటినవి.

ఆమె కుమారుడు మన ఈ పాఠశాలలోనే మూడవ తరగతి. ఈ వేసవిలో ఒకనాడు వాడు ఆ కట్ట విప్పి, వ్రేలు పెట్టి కూడబలుకుకొనుచు ఒక కార్డు చదువసాగెను. మేము ఎన్నడో చదివి మరచిన కార్డే. మాయాబజారు మరల ఆడుచున్నది, సెలవులకు వచ్చిన తీసికొని పోయెదను, నేల టిక్కెట్టుకే పోవుదము, మీ నాయనకు చెప్పవద్దు, అని అందు వ్రాసియున్నది. ఆనాడు చదివినప్పుడు ఆ చివరి వాక్యము మేమే చదివి, మేమే నవ్వితిమి. అమ్మాయి నవ్వలేదని ఇప్పుడు జ్ఞాపకము వచ్చుచున్నది. పిల్లవాడు 'ఘటోత్కచుడు' అను మాట దగ్గర ఆగిపోయెను. తకారము క్రింద కకారపు ఒత్తు వానికి కొరుకుడు పడలేదు. "గటోచుకచుడు" అనెను. తల్లి వంటింటినుండి వచ్చి వాని ప్రక్కన కూర్చుండి, "ఆ అక్షరము ఏదిరా, నాకును చూపుము" అనెను. అప్పటినుండి ఇద్దరును ఒకే వాచకము చదువుచున్నారు. రెండు పాఠములు కొడుకే ముందున్నాడు.

కావున సంఘమువారితో ఆలోచించి ఒక ఏర్పాటు చేసితిమి. వచ్చు నెల రెండవ శనివారము సాయంకాలము నాలుగు గంటలకు ఈ పాఠశాల సభామందిరముననే 'మిస్సమ్మ'ను ప్రదర్శింతుము. అటుపై నెలనెలకు ఒక చిత్రము. చిత్రారంభమున వచ్చు పేర్లను మామూలుగా ఎవరును చదువరు. మనము ప్రతి పేరు దగ్గరను బొమ్మను నిలిపి, మూడవ తరగతినుండి ఐదవ తరగతివరకు గల పిల్లలచేత బిగ్గరగా చదివింతుము. తప్పు చదివినవారిని ఎవరును నవ్వరాదు. చదువురాని తల్లిదండ్రులు సిగ్గుపడక పిల్లల ప్రక్కననే కూర్చుండవలెను. మా అమ్మాయియు మొదటి వరుసలోనే యుండును. విరామ సమయమున వేరుసెనగలు సంఘము ఖర్చు. కుర్చీలు చాలవు గనుక ఇంటికొక చాప తెచ్చుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము.